భుజం ఎత్తు సముద్రం

నేను ఒక కొబ్బరి చిప్పను. అదీ పూర్తి చిప్పను కాదు, సగాన్ని. కాయకు మూడు కళ్ళుంటాయని మీకు తెలుసు కదా. ఆ కళ్ళున్న సగం గుడి పూజారి గారి వాటాకు పోయింది. కళ్ళు లేని అడుగు సగం నేను. అందుకని నేను చెప్పేదంతా కళ్ళారా చూసిందని ప్రమాణం చేయలేను. నాలో ఏ రంగు పోశారు, ఎవరి వేళ్ళు నన్ను పట్టుకున్నాయి, నా పక్కన కూర్చుని ఎవరేం మాట్లాడుకున్నారు, ఇంతే నా జ్ఞాపకం.

గోదావరి సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలిపోతుంది. ఆ పాయల మధ్య మిగిలిన నేలను లంక అంటారు. అలాంటి గోరింటలంక అనే చోట, నీళ్ళ వైపు వంగిన ఒక చెట్టుకు నేను కాశాను. కాయల దింపు తీసినవాడు నన్ను చూడలేదు. తర్వాతి దింపులో తీశాడు గానీ, రాశి అడుగున పడి కొట్టు మూలలో చాలాకాలం ఉండిపోయాను. ఆ చీకట్లో నాలో ఒక సంగతి జరిగింది. నీళ్ళు తగ్గుతూ వచ్చాయి. వాటి చోటులో తెల్లగా, గుండ్రంగా, దూదిలాంటిది ఒకటి పెరగసాగింది. మనుషులు దాన్ని కొబ్బరి పువ్వు అంటారు. అది పువ్వు కాదు, మొలక. ఇంకొన్నాళ్ళు వదిలేసి ఉంటే కన్ను చీల్చుకుని బయటికి వచ్చి చెట్టయ్యేది.

ఆ లోపే నన్ను ఒక జంట కొన్నది. మొగుడి పేరు తాతబ్బాయి, పెళ్ళాం పేరు మంగతాయారు. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. సుబ్బారాయుడి గుడికి మొక్కుకోవడానికి వచ్చారు. పూజారి గారు నన్ను రాతి మీద ఒక్క దెబ్బ కొట్టి, రెండు చేతులతో విప్పి, గట్టిగా కేక వేశారు.

"పువ్వొచ్చిందమ్మా! స్వామి పలికాడు. ఇది నువ్వొక్కదానివే తిను, ఎవ్వరికీ పెట్టకు."

వెనకాల నిలబడ్డ ముసలమ్మ చేయి చాపింది. "నాకూ చిన్న ముక్క పెట్టమ్మా, ప్రసాదం కదా."

"నీకెందుకు మామ్మా ఈ వయసులో! తాతగారు హడలిపోతారు," అన్నాడెవడో. గుడంతా నవ్వింది. మంగతాయారు మాత్రం నవ్వలేదు. కళ్ళు మూసుకుని, నా మొలకను ముక్క ముక్కగా తినేసింది.

నేను ఫిర్యాదు చేయడం లేదు. దేవుడి ముందుకు వెళ్ళిన కాయ ఫిర్యాదు చేయకూడదు. నా మొలక నేలలో పాతుకుంటే చెట్టవుతుంది, ఆమె కడుపులో పడితే బిడ్డవుతుంది, రెండూ ఆయన లెక్కలో ఒకటే కాబోలు అనుకున్నాను. మరుసటి ఏడు వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. స్వామి పేరు కలిసేలా సుబ్బరత్నం అని పెట్టారు.

కొబ్బరి తీసేసిన చిప్ప మా వైపు నీళ్ళ కాగు కింద మంటకు పోతుంది. అదే మా గతి. మంగతాయారు నన్ను పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు. "పువ్వొచ్చిన చిప్పండీ ఇది. కాల్చకూడదు," అంది. తాతబ్బాయి నన్ను గాజుపెంకుతో గీకి, పీచంతా తీసి, నున్నగా చేశాడు. దొర్లిపోకుండా తాటినారతో కుదురు కట్టాడు. ఆ రోజు నుంచి నేను అతని నీలం రంగు చిప్పను.

తాతబ్బాయి ఫోటో స్టూడియోలకు తెరలు వేసేవాడు. మీరు చూసే ఉంటారు. గుడ్డ మీద నీలి సముద్రం, తెల్ల ఇసుక, రెండు వైపులా వంగిన కొబ్బరి చెట్లు, దూరంగా ఒక దీవి. దాని ముందు మనుషులు బిగుసుకుపోయి నిలబడి ఫోటో తీయించుకుంటారు. ఆ ఊళ్ళలో ఇల్లు దాటి అడుగు బయట పెడితే కొబ్బరి చెట్లే. అయినా పడవ దిగి, తలకు నూనె రాసుకుని, స్టూడియోలోకి వచ్చి బొమ్మ కొబ్బరి చెట్టు కింద నిలబడేవాళ్ళు. ఎవరైనా అడిగితే స్టూడియో యజమాని అబ్బులు గారు అనేవాడు: "బయట చెట్టు కింద నిలబడితే నెత్తిన కాయ పడుద్దండి. నా చెట్టు కింద ఆ భయం లేదు, ఆయ్."

తాతబ్బాయి ఏ దేశపు దీవినీ చూసినవాడు కాడు. రోజూ పడవలో పాయ దాటుతూ తన లంకను చూసేవాడు. మబ్బు పట్టిన పూట నీళ్ళు ఏ రంగు, వరద తగ్గాక ఇసుక ఏ రంగు, పడమటి ఎండకు మట్ట చివర ఏ రంగు అని చూసుకుని వచ్చి, ఆ గోదారి బురద నీళ్ళకే నాలోని నీలం పూసి సముద్రం చేసేవాడు. ఒకోసారి ఏమీ తోచక, లంక కొసన వంగిన చెట్టు కింద నన్ను ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. అది నేను కాసిన చెట్టే. ఆ సంగతి అతనికి తెలియదు. నేను చెప్పలేను.

తెర వేయడానికి రెండు నియమాలుండేవి. ఒకటి, అందమంతా అంచుల్లో పెట్టాలి. మధ్యలో ఏమీ ఉండకూడదు, అక్కడ మనిషి నిలబడతాడు. రెండోది నీటి గీత. అంటే నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత, నిలబడ్డ పెద్దమనిషి భుజం ఎత్తుకు రావాలి. గీత పైకి పోతే మనిషి మునిగిపోతున్నట్టుంటాడు. కిందికి దిగితే రాక్షసుడిలా కనబడతాడు.

సుబ్బరత్నం నడక వచ్చిన దగ్గర్నుంచి తండ్రి పని చేసే పాకలోనే ఉండేది. నాలో వేలు ముంచి, ఆ వేలు తన బుగ్గకే రాసుకునేది. ఒకసారి అడిగింది.

"నాన్నా, ఈ దీవిలో ఎవ్వరూ లేరేటి? అందరూ ఊరెళ్ళిపోయారా?"

"వస్తారమ్మా. ఫోటోకొచ్చినోళ్ళే దీవిలో మనుషులు."

"మరి నేనెప్పుడు వస్తాను?"

అబ్బులు గారు కూడా అదే మాట అన్నాడు. "అందరి పిల్లలూ నీ తెర ముందు నిలబడ్డారు. నీ పిల్లని తీసుకురావేం తాతబ్బాయ్? నీ దగ్గర డబ్బులు తీసుకుంటానా ఏటి?"

"ఉండండి అబ్బులు గారూ. పెద్దోళ్ళ తెర ముందు నిలబెడితే మునిగిపోయినట్టుంటది. దాని ఎత్తుకి ఓ తెర వేసి తెస్తాను."

మంచి మాటే. మనుషులు చాలా పనులు మంచి మాట చెప్పే ఆపుతారు. కొత్త గుడ్డ కట్టాడు. పిల్లను దానికి ఆనించి నిలబెట్టి, భుజం దగ్గర సుద్దతో గీత పెట్టాడు. సుద్ద తగిలి చక్కిలిగింత పుట్టి పిల్ల కిందకు కుంగిపోయింది. "కదలకే! సముద్రం వంకరొస్తది," అని నవ్వుతూనే కసిరాడు. నాలో నీలం కలుపుకున్నాడు. ఇంతలో పెళ్ళిళ్ళ రోజులని అబ్బులు గారు పెద్ద తెర అర్జెంటుగా కావాలన్నాడు. పిల్ల తెరను చుట్టచుట్టి దూలానికి కట్టేశాడు.

వరదల రోజుల్లో ఆ పిల్లకు జ్వరం వచ్చింది. అమలాపురం ఆస్పత్రికి తీసుకువెళదామని పడవ ఎక్కారు. పాయ ఉరుకు మీద ఉంది. పడవ సగం దూరం వెళ్ళింది. మిగతా సగం అక్కర్లేకపోయింది.

నేను అప్పుడు పాకలో ఉన్నాను. నాలో కొంచెం నీలం మిగిలి ఉంది. ఆ రంగు తడి ఆరిపోయింది, అంచులు లేచాయి, నెర్రెలు విచ్చింది. అయినా ఎవరూ రాలేదు. అలా తెలిసింది నాకు.

బిడ్డను ఇచ్చినప్పుడు స్వామి నన్ను కొట్టించుకున్నాడు. తీసుకునేటప్పుడు ఎవరిని అడిగాడో, ఏ గుర్తు చూపించాడో నాకు తెలియదు. అడగడం తప్పని అనను. జవాబు రాలేదని మాత్రం చెబుతాను.

పదకొండో రోజు అయ్యాక మంగతాయారు ఒక్క మాట అంది. "మీ తెర అవ్వలేదని నా పిల్లకి ఫోటో లేకుండా పోయిందండీ." అరవలేదు. 'అండీ' అని మర్యాదగానే అంది. తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నిజమే, ఆ పిల్లది ఒక్క ఫోటో కూడా లేదు. ఊళ్ళో వాళ్ళందరి గోడల మీదా తాతబ్బాయి సముద్రం ఉంది. అతని గోడ మీద దేవుళ్ళు ఉన్నారు.

ఇద్దరూ నన్ను తీసుకుని లంక వదిలేసి, స్టూడియో వెనక సందులో అద్దెకు దిగారు. దూలానికి కట్టిన గుడ్డ అక్కడే ఉండిపోయింది. తర్వాతి వరదకు పాక పోయింది, గుడ్డా పోయింది. లంక కొస కోసుకుపోయి నా చెట్టు కూడా పోయిందని ఎవరో వచ్చి చెబితే విన్నాను. వినడమే. ఏమీ అనిపించలేదు.

దీనికి కారణం ఉంది. తాతబ్బాయి అప్పటి నుంచి నన్ను కడగడం మానేశాడు. ఎండిన నీలం మీదే కొత్త నీలం పోసేవాడు. పొర మీద పొర. చిప్పకు పొరలు దళసరి అయ్యేకొద్దీ వేడి తెలియదు, చల్లన తెలియదు, వేలు తగిలినా తెలియదు. అతని చేయి కూడా అలాగే అయింది. పొద్దున్నే లేచి దీపం పెట్టే సమయానికి దణ్ణం పెట్టుకునేవాడు. గుడ్డ కట్టేవాడు. చెట్టు వేసేవాడు, ఇసుక వేసేవాడు, సముద్రం వేసేవాడు. అన్నం పెడితే తినేవాడు. మంగతాయారు కూడా వండేది, వడ్డించేది, మంగళవారం మంగళవారం సుబ్బారాయుడికి దీపం పెట్టేది. ఆ ఇంట్లో ఏడుపు వినబడేది కాదు. గిన్నెల చప్పుడు వినబడేది.

అప్పుడు మొదలైంది ఆ పొరపాటు.

అబ్బులు గారు ఒక రోజు ఫోటో ఒకటి పట్టుకుని వచ్చాడు. పెళ్ళిచూపులకు పంపడానికి ఒక అమ్మాయి తీయించుకున్న ఫోటో.

"ఏంటి తాతబ్బాయ్ ఇది? సముద్రం పిల్ల తొడల దగ్గరుంది! సంబంధం వాళ్ళేమన్నారో తెలుసా? 'పిల్ల కొబ్బరి చెట్టంతుంది, మా వాడు నిచ్చెనేసుకోవాలా' అని తిప్పి పంపేశారు. పిల్ల తండ్రి నా మీద పడ్డాడు!"

తాతబ్బాయి ఫోటో చూశాడు. "గీత కిందకొచ్చినట్టుందండి," అన్నాడు.

"వచ్చినట్టుందా! నిన్న ఓ ప్రెసిడెంటు గారు నిలబడితే, సముద్రం దాటబోయే ఆంజనేయుడిలా ఉన్నాడయ్యా. తోక ఒక్కటే తక్కువ."

ఇంకో తెర వేశాడు. మళ్ళీ గీత దిగింది. కర్ర పెట్టి కొలుచుకుని ఇంకోటి వేశాడు. కర్ర తీసి కుంచె పట్టాక, చేయి తనంతట తానే కిందికి వెళ్ళి అక్కడే ఆగింది. నాలో ముంచి పైకి లేపినప్పుడు ఆ చేయి బరువు మాత్రం నాకు తెలుస్తూనే ఉంది. ఎత్తవలసినంత ఎత్తదు. అంతే. ఎందుకు ఎత్తడం లేదో అతనికి తెలియదు, నాకూ తెలియలేదు.

ఆ మూడో తెరను చుట్ట చుట్టి అబ్బులు గారు ఇంటికి తెచ్చి ఇచ్చేశాడు. ఈసారి వేళాకోళం చేయలేదు. "నిన్నేమీ అనలేను తాతబ్బాయ్. కానీ నాకూ దుకాణం నడవాలి కదా. ఈ పని నీ వల్ల కాకపోతే చెప్పు, రాజోలు నుంచి ఇంకొకర్ని పిలుచుకుంటాను." తాతబ్బాయి తల ఊపాడు. ముప్పై ఏళ్ళ పని చేజారిపోతుంటే మనిషి కొంచెమైనా బతిమాలుకోవాలి. అతను బతిమాలలేదు.

మంగతాయారు ఆ గుడ్డను వృథా పోనీయడం ఎందుకని, వంటింటికి అడ్డంగా కడదామని వసారా గోడకు మేకులు కొట్టి వేలాడదీసింది. ముడతలు పోవడానికి అరచేత్తో దులుముతూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగిపోయింది.

"ఏవండీ," అంది. "ఇలా రండి."

తాతబ్బాయి నన్ను పట్టుకునే వచ్చాడు.

"నా చెయ్యి చూడండి. ఎక్కడుంది?"

"నీళ్ళ గీత మీద."

"దాన్ని బడికి తీసుకెళ్ళేటప్పుడు నా చెయ్యి ఇక్కడుండేదండి. దాని భుజం మీద." ఆమె గొంతు మారలేదు. కూర ఉడికిందని చెప్పినట్టే చెప్పింది. "ఇది చిన్నదాని ఎత్తు."

తాతబ్బాయి వేళ్ళు నా అంచు మీద బిగుసుకున్నాయి. అన్ని పొరల కింద నుంచి కూడా ఆ బిగువు నాకు తెలిసింది.

"నాకు తెలీదు తాయారూ," అన్నాడు. "నేను పెద్దోళ్ళకే వేశాను."

"మీకు తెలీదులెండి. మీ చేతికి తెలుసు."

ఆమె కింద కూర్చుంది. కాసేపటికి అతనూ కూర్చున్నాడు.

"దాని మొహం వెయ్యండి," అందామె.

"మనుషులు నాకు రారు. చెట్లూ నీళ్ళూ వేసేవాణ్ణి. నీకు తెలుసుగా."

"రంగన్నా కలపండి. తర్వాత చూద్దాం."

వేరే గిన్నె తీయబోతే వద్దని, నన్నే ముందుకు జరిపింది. "ఇందులో కలపండి. పువ్వొచ్చిన చిప్ప." అతను ఎండిన నీలం మీద అవిసె నూనె పోసి, తెలుపు వేసి, కావి వేసి, మట్టి పసుపు వేసి కుంచెతో తిప్పాడు. నాలో నీలం కాని రంగు పడడం అదే మొదటిసారి.

"అంత తెలుపేటండీ? దొరసానా?"

"ఇప్పుడో?"

"ఇప్పుడు మీ అమ్మలా ఉంది."

"మా అమ్మ పోలికేనని నువ్వే దెప్పేదానివిగా."

"దెప్పితే మాత్రం? కాస్త కావి తగ్గించండి."

తగ్గించాడు. పసుపు చేర్చాడు. "చెవి వెనకాల ఇంకా లేతగా ఉండేదండి," అందామె.

"మొహం కదా వేసేది. చెవి వెనకాల రంగు ఎవరిక్కావాలి?"

"నాకు కావాలి. తల దువ్వేదాన్ని నేను."

మళ్ళీ కొంచెం తెలుపు. ఒక చుక్క నీలం కూడా. అతను తిప్పుతున్నాడు, ఆమె వంగి చూస్తోంది. ఉన్నట్టుండి ఇద్దరూ ఒకేసారి "ఆఁ," అన్నారు. అదే రంగు. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ తేడా రాలేదు.

తాతబ్బాయి లేచి, కుంచె ముంచుకుని, తెర మధ్య ఖాళీకి ఎదురుగా నిలబడ్డాడు.

"పుట్టుమచ్చ ఇటు బుగ్గకే కదా?" అన్నాడు, కుంచె ఎత్తి చూపిస్తూ.

"ఇటు," అంటూ ఆమె కూడా చేయెత్తింది.

కుంచె ఒక వైపు ఆగింది. ఆమె వేలు ఇంకో వైపు ఆగింది. ఇద్దరిలో ఎవరూ వాదించలేదు. ఎవరూ చేయి దించలేదు కూడా, కొంతసేపు. కుంచె చివర నుంచి ఒక చుక్క కారి నేల మీద పడింది.

ముందు మంగతాయారే చేయి దించింది. "వద్దులెండి. ఖాళీగానే ఉంచండి. ఎవరో ఒక పిల్ల నిలబడుద్ది."

తాతబ్బాయి కుంచెను తుడిచేశాడు. కలిపిన రంగు కలిపినట్టే నాలో ఉండిపోయింది. ఎవరూ పారబోయలేదు.

మర్నాడు ఆ తెరను వంటింటికి అడ్డం కట్టలేదు. తాతబ్బాయి భుజాన వేసుకుని స్టూడియోకి తీసుకువెళ్ళి, "పిల్లల తెరండి. పెద్దోళ్ళని నిలబెట్టకండి," అన్నాడట. అబ్బులు గారు ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, ఆ రోజు "ఆయ్" అని మాత్రం అన్నాడట. చాలా ఏళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు ఆ సముద్రం ముందు నిలబడ్డారు. నీళ్ళు సరిగ్గా వాళ్ళ భుజాల దగ్గరికి వచ్చేవి. ఆ తర్వాత తాతబ్బాయి వేసిన పెద్ద తెరల్లో గీత దానంతటదే పైకి వెళ్ళి, ఉండవలసిన చోట ఉంది. రాజోలు నుంచి ఎవరినీ పిలవవలసిన పని పడలేదు.

ఇప్పుడు స్టూడియోల్లో తెరలు లేవు. మనిషిని ఉత్త గోడ ముందు కూర్చోబెట్టి, వెనకాల ఏ దీవి కావాలంటే ఆ దీవిని కంప్యూటర్లో పెట్టేస్తున్నారు. తాతబ్బాయి హోటళ్ళ గోడల మీద, జ్యూసు కొట్ల మీద అవే చెట్లూ అదే ఇసుకా వేస్తుంటాడు. నీలానికి ఇప్పుడు ప్లాస్టిక్ మగ్గు వాడతాడు. నాకు పని లేదు. నన్ను దేవుడి గూట్లో, సుబ్బారాయుడి పటం పక్కన పెట్టారు. నన్ను కొట్టిన చోటు నుంచి ఎంతో తిరిగి మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చాను. మేమిద్దరం రోజంతా పక్కపక్కనే ఉంటాం. నేనూ ఏమీ అడగను, ఆయనా ఏమీ చెప్పడు. మొదట్లో ఇది కోపమనుకున్నాను. ఇప్పుడు అలవాటు అనుకుంటున్నాను.

నా అడుగున అంతా నీలమే. పైన మాత్రం ఒక్క పొర, ఆ పిల్ల రంగు. దీపం పొగ తగిలి అది ఏటేటా కొంచెం కొంచెం ముదురుతోంది.

మొన్న మంగళవారం దీపం పెడుతూ మంగతాయారు నాలోకి చూసింది.

"నల్లబడిందండీ," అంది.

వసారాలోంచి తాతబ్బాయి అన్నాడు. "ఎండన పడి తిరుగుద్ది కదా."

ఆమె వెలిగించిన దీపాన్ని దేవుడికీ నాకూ మధ్య నుంచి తీసి, కాస్త అవతలికి జరిపింది.